పులుపెక్కిన ఫిల్ము ముక్కలు

డబ్బా మూత తియ్యగానే పులుపు వాసన గుప్పున కొట్టింది. ఊరగాయ జాడీ పులుపు వేరు, ఇది వేరు. ముక్కు లోపల సన్నగా కొరికే వెనిగర్ వాసన. అటక మీది సామాను దింపుతుంటే పాత గొడుగు గుడ్డలో చుట్టి ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. దాని నిండా సినిమా రీలు ముక్కలు.

ఆ వాసనకి కారణం ఫిల్ములోనే ఉంది. అప్పటి ప్రింట్లు అసిటేట్ ఫిల్ము మీద వేసేవాళ్ళు. తేమా వేడీ కలిస్తే ఆ ఫిల్ము ఎసిటిక్ ఆమ్లాన్ని వదలడం మొదలుపెడుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఒక ముక్కలో మొదలైతే ఆ ఆవిరి పక్క ముక్కల్నీ చెడగొడుతుంది. భద్రంగా ఉంటాయని మూత బిగించి దాచడం వల్లే ఇవి ఇంకా త్వరగా పాడయ్యాయి. కాగితం కవర్లలో విడివిడిగా పెట్టి, గాలి ఆడే చల్లటి చోట ఉంచాల్సినవి.

కిటికీకి ఎదురుగా ఒక ముక్క పట్టి చూస్తే అంతా ఎరుపే. కలర్ ఫిల్ములో మూడు రంగుల పొరలుంటాయి: పసుపు, చీరల కొట్లో రాణీ రంగు అనేది ఒకటి, నెమలికంఠానికి దగ్గరగా ఉండేది మూడోది. ఆ కాలపు ప్రింట్లలో నెమలికంఠం పొర మిగతా రెండిటికన్నా ముందు వెలిసిపోయేది. ఎర్ర వెలుగుని ఆపే పని ఆ పొరదే. ఆపేది పోయాక ఎరుపు ఎక్కడ పడితే అక్కడ దూరిపోతుంది. వరి చేను, ఆకాశం, నాయిక జుట్టు, అన్నిటి మీదా కుంకుమ నీళ్ళు చల్లినట్టుంది.

వాసన వెంటే ఆ గదీ గుర్తొచ్చింది. పెంకుటింటి మధ్య గది, మూసిన తలుపులు, గోడకి కట్టిన తెల్ల పంచె.

*

ఫిల్ము ముక్కలు టూరింగ్ టాకీస్ వెనక దొరికేవి. రీలు తెగితే ఆపరేటరు అతికించే ముందు రెండు కొసలూ కత్తిరించి పారేసేవాడు. తిరునాళ్ళలో చిన్న పొట్లాలు కట్టి అమ్మేవాళ్ళు కూడా. ముక్క అంచుల వెంట వరసగా చిల్లులు, నాలుగు చిల్లులకి ఒక బొమ్మ. ఒక పక్కన వంకరటింకరగా తెల్ల గీత ఉంటే అది పాటో మాటో. శబ్దాన్ని కూడా ప్రొజెక్టరు వెలుగుతోనే చదివేది.

లెన్సు కొనే మాట లేదు. మాడిపోయిన బల్బే లెన్సు. పాలరంగు పూత ఉన్నది పనికిరాదు, లోపలి తీగ కనిపించే తేట గాజు బల్బు కావాలి. దాన్ని పాత గుడ్డలో చుట్టి, టోపీ అడుగున రెండు సీసం చుక్కల మధ్య ఉన్న నల్ల గాజుని పట్టకారుతో కొద్దికొద్దిగా చిదిపేవాళ్ళు. తరవాత లోపలి గాజు కాడని మెల్లగా విరిచి తీగతో సహా బయటికి లాగాలి. బలం ఎక్కువైతే మెడ దగ్గర పగులు పడి, నీళ్ళు పోశాక అక్కడే ఊరుతుంది. గాజు పెచ్చులు ఎగిరే పని ఇది. ఇప్పుడు ఎవరైనా చేస్తే చేతికి మందపాటి గుడ్డా కళ్ళకి అద్దాలూ ఉండి తీరాలి, పిల్లల చేత చేయించకూడదు.

పోసే నీళ్ళు కాచి చల్లార్చినవి కావాలి. బిందెలో నీళ్ళు నేరుగా పోస్తే గంటలో లోపలి గాజుకి గాలి బుడగలు అంటుకుని గోడ మీద బొమ్మ మసకబారేది. మెడ దాకా నింపి మైనంతో మూసెయ్యాలి.

తలుపు రెక్కల సందులో ఒక అట్ట, ఆ అట్టలో ఫిల్ము బొమ్మంత కన్నం, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు వెడల్పు, 16 ఎత్తు. బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని ఆ కన్నంలోకి వెలుగు కొడతాడు. కన్నానికి ఫిల్ము తలకిందులుగా ఆనిస్తే, లోపల దాని ముందు బల్బు. ఆరు సెంటీమీటర్ల అడ్డం ఉన్న గుండ్రటి బల్బులో నీళ్ళు పోస్తే, దాని నాభి దూరం, అంటే ఎండని ఒక చుక్కగా చేర్చే దూరం, నడిబొడ్డు నుంచి ఆరు సెంటీమీటర్లు. గాజు అంచు నుంచి కొలిస్తే మూడే. ఫిల్ము ఆ మూడుకి రవ్వంత పైన ఉండాలి. రెండు మీటర్ల దూరంలో ఉన్న పంచె మీద బొమ్మ తేటగా పడ్డాక, బల్బుని రెండు మిల్లీమీటర్లు జరిపితే చాలు, ఆ తేటదనం సగం దూరానికి వచ్చేసి పంచె మీద మసక మిగులుతుంది. అందుకని బల్బుని చేత్తో పట్టుకోకూడదు, మట్టి ముద్దలో గుచ్చి ముద్దనే జరపాలి. అంతా కుదిరితే గోరంత బొమ్మ మూరెడు దాటి, డెబ్భై సెంటీమీటర్ల వెడల్పున గోడ మీద నిలబడేది.

నడుమ మాత్రమే స్పష్టంగా ఉండి అంచులు అలుక్కుపోయేవి. గుండ్రటి గాజు అంచుల దగ్గర వెలుగుని ఎక్కువ వంచుతుంది, అందుకే అలా. బల్బు ముందు పావలా బిళ్ళంత చిల్లు చేసిన నల్ల కాగితం పెడితే అంచులు కుదురుకుంటాయి కానీ వెలుగు తగ్గిపోతుంది. కొన్ని ముక్కల్లో మనుషులు సన్నగా, తాటిచెట్టంత పొడుగ్గా పడేవాళ్ళు. అవి సినిమాస్కోపు ముక్కలు. వెడల్పుని సగానికి నొక్కి ఫిల్ము మీద ఎక్కించి, హాల్లో వేరే లెన్సుతో మళ్ళీ విప్పేవాళ్ళు. మన బల్బు ఆ విప్పడం చెయ్యలేదు.

అద్దం పట్టుకున్న వాడిది అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. సూర్యుడు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ జరుగుతాడు. అద్దం అయిదు మీటర్ల దూరంలో ఉంటే ఆ ఒక్క డిగ్రీకి వెలుగు తొమ్మిది సెంటీమీటర్లు పక్కకి పోతుంది. "ఒరేయ్, కొంచెం ఎడమకి తిప్పరా" అని రెండు మూడు నిమిషాలకొకసారి లోపలి నుంచి కేక. తీరా వాడు తిప్పితే రెండింతలు జరిగేది, ఎందుకంటే అద్దం ఒక డిగ్రీ తిరిగితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అయ్యాక బల్బుని నీడలో పెట్టాలి. నీళ్ళ బల్బుని ఎండలో వదిలేస్తే కాగితం అంటుకుంటుంది, తాటాకు కూడా అంటుకుంటుంది.

*

బల్బు ఒక్క పూటలో తయారయ్యేది. చీకటి తయారవడానికి రెండు రోజులు పట్టేది.

బళ్ళో సైన్సు గదిలో ఏ ప్రయోగం పెట్టినా ఇదే అనుభవం. వెలుగు పాఠాల్లో ప్రయోగాలు చెడితే, చాలాసార్లు అది చీకటి చాలక చెడినదే. కిటికీలకి పాత వార్తాపత్రికలు అంటిస్తే పసుపుపచ్చ వెలుగు లోపలికి కారుతూనే ఉంటుంది. నాలుగు పొరలు వేసినా ఆగదు. లాంతరు మసిని మైదా బంకలో కలిపి కాగితానికి పూస్తే ఆగుతుంది. ఆ బంకలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి ఉడికించేవాళ్ళం. గొడుగు గుడ్డ అన్నిటికన్నా మేలు. రెండు మడతలు వేస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా దాటదు. తలుపు కింద సందుకి తడిపిన గోనెసంచి. పెంకుల సందులే మొండివి, ఒకటి మూస్తే ఇంకోటి కనిపించేది.

ఆ తరవాత కళ్ళకి పది నిమిషాలు ఇవ్వాలి. పిల్లలు లోపలికి వచ్చిన వెంటనే "ఏమీ కనపడట్లేదు సార్" అంటారు. అది నిజం. పది నిమిషాలు కబుర్లు చెప్పించి, అప్పుడు తలుపు మీది చిల్లు తెరిస్తే ఎదురు గోడ మీద వీధి తలకిందులుగా నడుస్తూ కనిపించేది. చెట్టు కొమ్మలు కిందికి, ఎడ్లబండి చక్రాలు పైకి, సైకిలు మీద మనిషి ఆకాశంలో కాళ్ళు తొక్కుతూ.

చిల్లు కొలత గురించి పుస్తకాల్లో "సూది బెజ్జం" అని ఉంటుంది. అది అరచేతి అట్టపెట్టెకి సరిపోయే మాట. పదిహేను సెంటీమీటర్ల పెట్టెకి అర మిల్లీమీటరు బెజ్జం చక్కగా కుదురుతుంది. మూడు మీటర్ల గదికి అదే బెజ్జం పెడితే గోడ మీద ఏమీ కనపడదు. గదికి ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల చిల్లు కావాలి. పెద్దదైతే బొమ్మ వెలుగుతుంది కానీ అలుక్కుంటుంది. చిన్నదైతే తేటగా ఉండి కనపడదు. ఇంకొకటి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు: చూడబోయే వీధి మీద ఎండ ఎదురుగా పడాలి. పడమటి కిటికీలో చిల్లు పెడితే పొద్దున చూడాలి, తూర్పు కిటికీ అయితే సాయంత్రం. దీన్ని తిరగేసి, ఏమీ రాలేదని తలుపులు తెరిచేసిన బళ్ళు ఎన్నో.

హంపీ విరూపాక్షాలయంలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుందని చూసొచ్చిన వాళ్ళు చెప్పేవాళ్ళు. అక్కడ జరిగేదీ ఇదే, చిన్న సందు, వెనక చీకటి గది. చూపించే వాళ్ళు నీడ అంటారు కానీ అది బొమ్మ.

*

పెంకుటిళ్ళలో మధ్యాహ్నం పడుకుంటే నేల మీద ఎండ బిళ్ళలు కనిపించేవి. పైన సందు ఏ ఆకారంలో ఉన్నా కింద బిళ్ళ గుండ్రమే. ప్రతి బిళ్ళా సూర్యుడి బొమ్మ కాబట్టి. సందు నుంచి నేలకి ఉన్న దూరాన్ని 107తో భాగిస్తే బిళ్ళ అడ్డం వస్తుంది. వెలుగు మూడు మీటర్లు దిగితే బిళ్ళ మూడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. బిళ్ళని స్కేలుతో కొలిచి, 107తో హెచ్చించి చూసుకుంటే ఆ దూరానికి అటూ ఇటూగా సరిపోయేది. స్లాబు ఇళ్ళొచ్చాక ఈ బిళ్ళలు పోయాయి. చెట్టు కింద మాత్రం ఇంకా పడుతున్నాయి.

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా పోయింది. హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాల సంపూర్ణ ఛాయ దారిలోనే ఉంది. ఊళ్ళలో చాలామంది తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. మూసిన గదుల్లో పెంకుల సందుల్లోంచి నేల నిండా నెలవంకలు పడ్డాయి. చూడకూడదనుకున్న గ్రహణం ఇంటి కప్పులోంచి దిగి చాప మీద పరుచుకుంది.

గ్రహణం చూడటానికి ఈ ఫిల్ము ముక్కలు అడ్డం పెట్టుకునే అలవాటు ఉండేది. అది ప్రమాదం. కలర్ ఫిల్ము రంగులు కంటికి కనిపించే వెలుగుని తగ్గిస్తాయి కానీ పరారుణ కిరణాలని పోనిస్తాయి. నొప్పి తెలియకుండానే రెటీనా కాలిపోతుంది. దానికి బదులు ఒక చేతి అద్దానికి మధ్యలో సెంటీమీటరు చదరపు కన్నం ఉన్న కాగితం అంటించి, ఎండని ఇరవై మీటర్ల అవతల నీడలో ఉన్న గోడ మీదకి కొడితే దాదాపు ఇరవై సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు. దగ్గర్లో చతురస్రంగా ఉన్న వెలుగు దూరం పోయేకొద్దీ గుండ్రమవుతుంది. గ్రహణం రోజున అదే గోడ మీద కొరుక్కుపోతుంది. పది మందీ కలిసి చూడొచ్చు, కళ్ళకి ఏమీ కాదు.

*

వెలుగుని రంగులుగా విడదీసే గాజు పట్టకం బీరువాలో ఉండేది. బీరువా తాళం హెడ్మాస్టారి దగ్గర ఉండేది. అందుకని ఇంద్రధనుస్సు బేసినులో వచ్చేది.

బేసినులో జానెడులో సగం లోతు నీళ్ళు. గడ్డం గీసుకునే అద్దాన్ని అంచుకి ఏటవాలుగా ఆనించి కింద మట్టి ముద్ద పెట్టాలి. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల ఎండ కావాలి. మధ్యాహ్నమైతే వెలుగు వచ్చిన దారినే పైకి పోతుంది. అద్దానికీ నీటి పైభాగానికీ మధ్య ఉన్న నీళ్ళే పట్టకం. గోడ మీద రెండు వెలుగులు పడతాయి. నీటి బయట మిగిలిన అద్దం నుంచి తెల్లటిది, నీటిలోంచి వచ్చింది రంగులది. పిల్లలు తెల్లదాన్ని చూసి రాలేదనుకుంటారు, రంగులది పక్కనే ఎక్కడో కప్పు మీద ఉంటుంది. గోడ మరీ దగ్గరైతే మధ్యలో తెలుపు, అంచుల్లో ఎరుపూ నీలమూ మాత్రమే. మూడు మీటర్లు దూరమైతే విడిపోతాయి. అద్దానికి అయిదు మిల్లీమీటర్ల చీలిక ఉన్న కాగితం అంటిస్తే ఇంకా శుభ్రంగా వస్తాయి. చెయ్యి తగిలితే రంగులన్నీ గజగజలాడతాయి, నీళ్ళు తేరుకునే దాకా ఒక నిమిషం ఎవరూ బేసిను దగ్గర అడుగు వెయ్యకూడదు.

"ఎన్ని రంగులు?" అంటే అయిదు అనే వాళ్ళున్నారు, ఆరు అనే వాళ్ళున్నారు. ఏడు అని రాసుకోమనేవాళ్ళు. ఏడు అని పెట్టింది న్యూటన్, సంగీతంలో ఏడు స్వరాలతో పోల్చి. నీలానికీ ఊదాకీ మధ్య ఇండిగోని విడిగా చూడలేని పిల్లవాడి కంట్లో లోపమేమీ లేదు. వాడు చూసిందే రాసుకోనివ్వాలి.

న్యూటన్ చక్రం దగ్గర ఇంకా బాధగా ఉండేది. ఆ రంగులన్నీ పూసిన పది సెంటీమీటర్ల అట్ట బిళ్ళ, మధ్యకి రెండు పక్కలా అర సెంటీమీటరు దూరంలో రెండు చిల్లులు, గజం పైన దారం. మెలితిప్పి లాగితే గుయ్యిమని తిరుగుతుంది. చిల్లులు మధ్య నుంచి రవ్వంత జరిగినా బిళ్ళ తలాడించి దారం తెంపుకుంటుంది. కుట్టుమిషన్‌లో బాబిన్ చుట్టే కుదురుకి తగిలిస్తే అన్నిటికన్నా నిలకడగా తిరిగేది. సెకనుకి ఇరవై చుట్లు దాటితే రంగులు కలిసిపోతాయి. కలిసి వచ్చేది తెలుపని పుస్తకం. కంటికి కనిపించేది బూడిద రంగు. తప్పు చేతిది కాదు, రంగులది కూడా కాదు. ప్రతి రంగూ తన మీద పడ్డ వెలుగులో ఒక వంతే తిరిగి పంపి మిగతాది మింగేస్తుంది. కాబట్టి మొత్తం చక్రం నుంచి తెల్ల కాగితంలో మూడో వంతు వెలుగు కూడా రాదు. మసక తెలుపునే బూడిద రంగంటాం. వెనక నల్ల గుడ్డ కట్టి, చక్రం మీద మాత్రమే ఎండ పడేటట్టు చేస్తే అదే బూడిద తెల్లగా కనిపిస్తుంది. ఇంత మంచి పాఠం అక్కడ ఉండగా, బూడిద రంగు చూసిన పిల్లల చేత తెలుపని రాయించడం అన్యాయం. అలా రాసిన రికార్డు పుస్తకాలకే మార్కులు పడేవి.

*

మూడు టార్చిలైట్లు, మూడు రంగుల జిలెటిన్ కాగితాలు. పెళ్ళి పందిళ్ళ నుంచి మిగిలిన కాగితాలు చాలు. రెండు మీటర్ల దూరంలో తెల్ల గోడ.

ఎరుపూ ఆకుపచ్చా కలిపితే గోడ మీద పసుపు వస్తుంది. నీటి రంగుల డబ్బాలో అవే రెండూ కలిపి బురద రంగు చూసిన పిల్లలు దీన్ని నమ్మరు. ఒకడు లేచి గోడని తడిమి చూసేవాడు. కానీ మూడూ కలిపితే తెలుపు రావాలి, రాదు. నారింజ వైపు లాగేస్తుంది. సెల్లుల టార్చి బల్బులో తీగ పసుపుపచ్చగా కాలుతుంది, దాంట్లో నీలం పాలు చాలా తక్కువ. ఆ కొంచెం కూడా నీలం కాగితం సగం తినేస్తుంది. ఎరుపుకీ ఆకుపచ్చకీ రెండేసి పొరలు, నీలానికి ఒకటే పొర వేసి, నీలం టార్చిని సగం దూరానికి జరపాలి. దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అప్పుడు తెలుపు కుదురుతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టార్చిల్లో నీలం పుష్కలం, ఈ తిప్పలు లేవు. వాటితో ఎరుపే తక్కువవుతుంది.

తెలుపు కుదిరాక వెలుగులకి అడ్డంగా చెయ్యి పెట్టాలి. గోడ మీద మూడు నీడలు, ఏదీ నల్లగా ఉండదు. ఎర్ర టార్చిని ఆపిన నీడ నెమలికంఠం, ఆకుపచ్చని ఆపింది రాణీ రంగు, నీలాన్ని ఆపింది పసుపు. ఫిల్ములో ఉండే మూడు పొరల రంగులూ అవే. ఒక్కో పొరా ఒక్కో వెలుగుని ఆపడానికే ఉంది. టార్చిలు గోడకి దగ్గరగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటే నీడలు విడివిడిగా పడతాయి. దగ్గర దగ్గరగా పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కి మధ్యలో నల్లబడుతుంది.

*

అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చే తాతలు ఇప్పుడు లేరు. ఆ పొగలో రెండు రంగులుండేవి. చుట్ట కొస నుంచి లేచే పొగ నీలంగా, నోట్లోంచి వదిలిన పొగ తెల్లగా. కొస పొగలో రేణువులు వెలుగు తరంగాల కంటే చిన్నవి, నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. నోట్లో తడి తగిలి అవే పెద్దవవుతాయి, అప్పుడు అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి. అగరుబత్తి పొగని నల్ల తలుపు ముందు చూస్తే నీలం, వెలుగున్న కిటికీకి ఎదురుగా చూస్తే గోధుమ రంగు. ఆకాశం పగలు నీలంగా, పొద్దుగూకేవేళ ఎర్రగా ఉండటానికీ కారణం ఇదే. నీలం వెలుగు ఎరుపు కంటే నాలుగు రెట్లకి పైగా చెదురుతుంది.

గాజు సీసాలో చేసి చూపాలంటే లీటరు నీళ్ళకి అర చెంచా పాలు, చుక్క చుక్కగా కలుపుతూ. మీగడ తీసిన పాలు కావాలి. వెన్న బిందువులు పెద్దవి కాబట్టి చిక్కటి గేదె పాలతో నీలం రాదు, వట్టి తెలుపే. ఒక కొస నుంచి టార్చి వేస్తే పక్క నుంచి లేత నీలం, అవతలి కొస నుంచి చూస్తే బల్బు నారింజ రంగులో. ఒక్క చెంచా ఎక్కువైతే ఆట ముగిసినట్టే. నీళ్ళు పారబోసి మళ్ళీ మొదలు.

కుంకుడు నురగ గురించి ఇక్కడే చెప్పాలి. పది కాయల తొక్కు గ్లాసుడు వేణ్ణీళ్ళలో గంట నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి, చెంచాడు పంచదార కలిపితే బుడగ నిలుస్తుంది. ఊదడానికి బొప్పాయి ఆకు కాడ. పాలు కారే కొసని కడగకపోతే పెదవి పొక్కుతుంది. బుడగలు ఎగిరిపోతాయి, రంగులు చూసే తీరిక ఇవ్వవు. రంగులు చూడాలంటే చేతి గాజుని రసంలో ముంచి నిలువుగా పట్టుకుని, నల్ల గుడ్డ ముందు కదలకుండా ఉండాలి. రసం కిందికి జారుతుంటే పైన పొర పలచబడుతుంది. పచ్చ, రాణీ, పసుపు పట్టీలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. చివరికి పైన నల్ల పట్టీ వస్తుంది. ఆ చోట పొర వెంట్రుక మందంలో రెండు వేలో వంతు. అక్కడి నుంచి మూడు నాలుగు సెకన్లే, టప్పుమంటుంది. ఆ నలుపు కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం.

*

గుంటూరు పేరు సూర్యుడి చరిత్రలో ఉందని గుంటూరులోనే చాలామందికి తెలియదు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచి చూశాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ బందరులో ఉన్నాడు. ఆ గ్రహణంలో సూర్యజ్వాలల వర్ణపటంలో, అంటే వాటి వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలో, కనిపించిన పసుపు గీత ఉప్పులోని సోడియం గీత పక్కనే ఉంది, కానీ సోడియానిది కాదు. ఆ మూలకానికే తరవాత హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది.

సోడియం గీత బళ్ళో చూపించడం తేలిక. స్పిరిటు దీపం వత్తిని ఉప్పు ముద్దలో అద్ది, చీకటి గదిలో వెలిగించాలి. మంట పసుపు, వట్టి పసుపు, ఇంకే రంగూ లేదు. ఆ వెలుగులో కుంకుమ భరిణె చూపిస్తే నల్లగా కనిపిస్తుంది. పచ్చ రిబ్బను, ఎర్ర రిబ్బను విడదీయలేం. పిల్లల ముఖాలు బూడిద పూసినట్టుంటాయి. టార్చి వెయ్యగానే రంగులన్నీ ఒక్కసారి తిరిగొస్తాయి. ఆ క్షణాన గదిలో లేచే "హా" అనే శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. కిటికీ సందు ఒక్కటి మిగిలినా ఇది చెడుతుంది, కుంకుమ ఎర్రగానే ఉండిపోతుంది. వెలిగే దీపంలో మాత్రం స్పిరిటు ఎప్పుడూ పొయ్యకూడదు.

గీతలు చూడటానికి సీడీలు వచ్చాక పని సులువైంది. సీడీ మీద మిల్లీమీటరుకి 625 వరసలు. చెప్పుల పెట్టెకి ఒక కొసన బ్లేడు రెండు ముక్కలు పావు మిల్లీమీటరు సందుతో అంటించి, రెండో కొసన సీడీ ముక్కని ఏటవాలుగా నిలిపి, పైన కన్నంలోంచి చూడాలి. ట్యూబులైటులో ఊదా, ఆకుపచ్చ గీతలు విడివిడిగా, మెరుస్తూ కనిపిస్తాయి. తీగ బల్బులో తెగని పట్టీ. ఎల్‌ఈడీలో నీలానికీ ఆకుపచ్చకీ నడుమ ఒక చీకటి పల్లం. చీలిక వెడల్పయితే అన్నీ కలిసిపోయి ఒకటే ఇంద్రధనుస్సులా ఉంటుంది. తప్పు ఎప్పుడూ ఆ చీలికలోనే వెతకాలి.

విశాఖపట్నంలో చదువుకున్న పిల్లవాడు సి.వి. రామన్. ఆయన తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. 1928లో రామన్ ఫలితాన్ని మొదట పట్టుకున్నప్పుడు వాడినవి ఎండ, ఆ ఎండని పోగేసే లెన్సు, రెండు రంగుల ఫిల్టర్లు, ఒక కన్ను. ఫిల్టర్లలో మొదటిది నీలాన్ని మాత్రమే ద్రవంలోకి పోనిస్తుంది, రెండోది ఆ నీలాన్ని ఆపుతుంది. అయినా కంటికి మసకగా వెలుగు అందిందంటే ద్రవంలోనే రంగు మారిందన్నమాట. ఫిబ్రవరి 28న బళ్ళలో సైన్సు దినోత్సవం చేస్తారు, ఉపన్యాసాలూ బహుమతులూ ఉంటాయి. ఒక గదిని చీకటి చేసి ఆ పొద్దుటి ఎండతో ఏదైనా చూపిస్తే ఎంత బాగుంటుంది. పాలకూర నలిపి సర్జికల్ స్పిరిటులో గంట ఉంచి వడకట్టిన రసం చాలు. వెలుగుకి ఎదురుగా పెడితే చిక్కటి ఆకుపచ్చ. భూతద్దంతో ఎండని పక్క నుంచి దాంట్లోకి దింపి, ఎండ వచ్చే వైపు నుంచి చూస్తే రక్తంలా ఎరుపు. మంట దగ్గర పెట్టకూడదు, రసం ఆ రోజుదే అయి ఉండాలి. మర్నాటికి గోధుమ రంగుకి తిరుగుతుంది.

*

ఫిల్ము ముక్కలు ఇప్పుడు నాలుగు రోజులుగా కాగితాల మీద ఆరుతున్నాయి. వాసన కొంత తగ్గింది. వంకర్లు తిరిగినవి, పెళుసెక్కినవి పక్కన పెట్టాల్సి వచ్చింది. బాగున్నవి పదిహేను ఉన్నాయి.

గది మాత్రం దొరకలేదు. మూడు వైపులా గాజు కిటికీలున్న ఇల్లు. ఆఖరికి స్నానాల గది తలుపుకి ఆ గొడుగు గుడ్డే వేలాడదీస్తే చీకటి కుదిరింది. బల్బు బదులు భూతద్దం, ఎండ బదులు ఎల్‌ఈడీ టార్చి. తెల్ల పలకల గోడ మీద ఎర్రటి బొమ్మ పడింది. పొలం గట్టు మీద తెల్ల పంచె కట్టుకున్న మనిషి, పక్కన ఎర్ర చీర, వెనక ఆకాశం. లెన్సు ముందు నెమలికంఠం రంగు జిలెటిన్ కాగితం పెడితే ఎరుపు తగ్గింది. ముఖాలు ముఖాల్లా అయ్యాయి, చీర చీర రంగుకి వచ్చింది. ఆకాశం రాలేదు. నీలాన్ని మోసిన పొరే ఫిల్ము మీద లేదు, కాగితం అన్నిటి మీదా ఒకే రంగు వేస్తుంది. పంచే ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి.